కాళ్ల కింద కదిలే పలక: సీ-సా మీద కుక్కకు ధైర్యం ఎలా వస్తుంది

కుక్క వరసగా అడ్డంకులు దాటుతూ పరిగెత్తే ఆట ఎజిలిటీ. దాని కోర్సులో హర్డిల్స్, టన్నెల్, ఏ-ఫ్రేమ్ (రెండు వైపులా ఏటవాలుగా ఉండే పలకలు), డాగ్‌వాక్ (ఎత్తుగా ఉండే సన్నటి వంతెన), వీవ్ పోల్స్ (మెలికలు తిరుగుతూ దాటే కర్రలు) అంటూ ఎన్ని అడ్డంకులున్నా, కుక్క ఎక్కాక దాని కాళ్ల కింద కదిలేది, మధ్యలో ఇరుసు మీద వాలే పలకైన సీ-సా ఒక్కటే. మిగిలినవాటి దగ్గర పొరపాటు జరిగితే ఎందుకు జరిగిందో కుక్కకే ఎంతో కొంత తెలుస్తుంది. దూకిన దూకు చాలలేదు, లేదా మలుపు ఆలస్యమైంది. సీ-సా మీద అలా కాదు. అడుగు సరిగ్గానే వేసినా పలక కిందికి పోతుంది, కొస నేలకు ధబ్‌మని కొట్టుకుంటుంది, ఆ అదురు పాదాల్లోంచి ఒళ్లంతా పాకుతుంది. మిగతా కోర్సంతా చకచకా నేర్చేసుకున్న కుక్క కూడా దీని దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవడం, పక్కకు తప్పుకోవడం, సగం ఎక్కి దూకేయడం అందుకే అంత మామూలు.

దీనికి సాధారణంగా వినిపించే సలహా ఒకటుంది: నాలుగైదుసార్లు బెల్ట్ పట్టుకుని నడిపించండి, అదే అలవాటు పడుతుంది. కొన్ని కుక్కలు నిజంగానే అలా అలవాటు పడతాయి. కానీ అలవాటు పడటం వేరు, ధైర్యంగా చేయడం వేరు. అలవాటు పడిన కుక్క పలక మీద జరిగేదాన్ని ఓర్చుకుంటుంది. ధైర్యం వచ్చిన కుక్క ఆ పలకను తానే వాలుస్తోందని తెలుసుకుని వాలుస్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉండొచ్చు. కొత్త మైదానంలో, కొత్త పలక మీద, పోటీ టెన్షన్‌లో మాత్రం తేడా బయటపడుతుంది. ట్రైనింగ్ మొత్తం ఈ రెండోదాని కోసమే సాగాలి.

పలక ఎప్పుడు, ఎలా వాలుతుంది

ముందు వస్తువు సంగతి. కుక్కల పోటీలకు నిబంధనలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌సీఐ ప్రకారం సీ-సా పలక పొడవు 3.60 నుంచి 3.80 మీటర్లు, వెడల్పు 30 సెంటీమీటర్లు, మధ్యలో ఇరుసు దగ్గర ఎత్తు 60 సెంటీమీటర్లు. అంటే ఒక కొస నేల మీదుంటే రెండో కొస సుమారు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. రెండు కొసల్లోనూ 90 సెంటీమీటర్ల మేర వేరే రంగు వేసి ఉంటుంది. దాన్నే కాంటాక్ట్ జోన్ అంటారు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కుక్క కనీసం ఒక పాదమైనా అందులో మోపాలి. పలక తూకం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. దిగే వైపు కాంటాక్ట్ జోన్ మధ్యలో 1 కిలో బరువు పెడితే పలక కొద్ది సెకన్లలో వాలి నేలను తాకాలి. మరీ చిన్న కుక్క కూడా దాన్ని వాల్చగలగాలి, అదే సమయంలో మరీ చులాగ్గా పడిపోకూడదు అన్నది ఉద్దేశం.

ఈ పరీక్షలోంచి ట్రైనింగ్‌కు పనికొచ్చే ఒక లెక్క తీయొచ్చు. కాంటాక్ట్ జోన్ మధ్య భాగం ఇరుసుకు దాదాపు 1.35 మీటర్ల దూరంలో ఉంటుంది. అంత దూరంలో 1 కిలో పలకను వాల్చగలిగితే, 5 కిలోల కుక్క ఇరుసు దాటి 27 సెంటీమీటర్లు వెళ్లేసరికి పలక వాలడం మొదలుపెట్టాలి. 20 కిలోల కుక్కకైతే 7 సెంటీమీటర్లు చాలు. అయితే పలకకు తన బరువు తనకుంది కాబట్టి కదలడం మొదలైనా వేగం అందుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. సెకనుకు 3 మీటర్ల వేగంతో వెళ్లే కుక్క ఇరుసు నుంచి కొసకున్న 1.8 మీటర్లను 0.6 సెకన్లలో దాటేస్తుంది. బరువు తక్కువ, వేగం ఎక్కువ ఉన్న కుక్క కొసకు చేరుకునేసరికి ఆ కొస ఇంకా గాల్లోనే ఉంటుంది. అక్కడ నిలబడి అది కిందికి ప్రయాణించాలి. బరువైన కుక్కకు ఇందుకు భిన్నం. ఇరుసు దాటీ దాటగానే పలక జారిపోతుంది, నేలకు తగిలే దెబ్బా గట్టిగా ఉంటుంది, కొస ఒకసారి ఎగిరిపడుతుంది కూడా.

కాబట్టి సీ-సా భయం అన్ని కుక్కలకూ ఒకటే భయం కాదు. చిన్న కుక్కను ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఎత్తు, ఆ ఎత్తులో ఎదురుచూడాల్సి రావడం. పెద్ద కుక్కను ఇబ్బంది పెట్టేది చప్పుడు, అదురు. ఎవరి కుక్క దేనికి బెదురుతోందో గమనించకుండా అందరికీ ఒకే పాఠం చెప్పే క్లాసుల్లో సగం కుక్కలు వెనకబడటానికి కారణం ఇదే అనిపిస్తుంది.

పోటీ నియమాలు కూడా ఈ రెండు ఘట్టాల చుట్టూనే ఉన్నాయి. ఇరుసు దాటకముందే దూకేస్తే రెఫ్యూజల్, అంటే అడ్డంకిని నిరాకరించినట్టు లెక్క. ఇరుసు దాటి, పలక నేలను తాకకముందే దిగిపోతే ఫాల్ట్. ఈ రెండోదాన్ని ఫ్లై-ఆఫ్ అంటారు. దీనికి 5 పాయింట్లు పోతాయి. పాయింట్లు పోతే పోయాయి, గాల్లో ఉన్న పలక నుంచి దూకిన కుక్క కాళ్ల మీద పడే భారం అంతకంటే పెద్ద నష్టం.

ఇక్కడ ఇంకో చిక్కుంది. డాగ్‌వాక్‌లో ఎక్కే పలక కూడా దాదాపు అంతే పొడవు, అంతే వెడల్పు. దానికీ కాంటాక్ట్ జోన్ రంగు ఉంటుంది. పరుగులో వస్తున్న కుక్కకు ఎదురుగా కనిపించేది ఏటవాలుగా లేచిన ఒక సన్నటి పలక, అంతే. డాగ్‌వాక్ అనుకుని పూర్తి వేగంతో ఎక్కి, సగం దూరం వెళ్లాక కాళ్ల కింద ఆధారం జారిపోతే ఏ కుక్కకైనా గుండె జారుతుంది. సంవత్సరాల తరబడి బాగా చేసిన కుక్క ఒక్కసారిగా సీ-సా అంటే మొహం చాటేయడం మొదలుపెడితే, వెనక్కి వెళ్లి చూస్తే చాలాసార్లు ఇలాంటి సంఘటనే ఉంటుంది. పైగా ఆ భయం డాగ్‌వాక్ మీదికి కూడా పాకుతుంది. దీనికి మందు రెండు అలవాట్లు. సీ-సాకూ డాగ్‌వాక్‌కూ పలకడానికి బొత్తిగా పోలిక లేని రెండు మాటలు పెట్టుకోవడం, ఆ మాటను కుక్క పలక మీద కాలు పెట్టాక కాకుండా రెండు మూడు అంగల ముందే చెప్పడం. ఎక్కే దారిని వీలైనంత తిన్నగా ఇవ్వడం కూడా అవసరం. పక్క నుంచి కోసుకుంటూ ఎక్కితే మధ్యలో ఇరుసు ఉందో లేదో కుక్క చూసుకోలేదు.

అదుపు తన చేతిలో ఉందని తెలియడం

1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. క్రూరమైన ప్రయోగమే, ఈ రోజుల్లో అలాంటిదానికి అనుమతి దొరకదు. కొన్ని కుక్కలకు ఇచ్చిన కరెంటు షాక్‌ను అవి తలతో ఒక ప్యానెల్ నొక్కి ఆపుకోగలిగేవి. ఇంకొన్నిటికి సరిగ్గా అంతే షాక్, కానీ ఆపే మార్గం లేదు. ఆ తర్వాత అన్నిటినీ చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకోగలిగే పెట్టెలో పెట్టినప్పుడు, మొదటి గుంపు వెంటనే దూకడం నేర్చుకుంది. రెండో గుంపులో చాలా కుక్కలు దూకే ప్రయత్నమే చేయకుండా పడి ఉన్నాయి. బాధ రెండు గుంపులకూ సమానమే. తేడా అల్లా అదుపులో ఉంది. దాదాపు 50 ఏళ్ల తర్వాత, 2016లో, అదే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ పాత వివరణను తిరగేసి చెప్పారు. నిస్సహాయత నేర్చుకునేది కాదు, ఎడతెగని కష్టానికి మెదడు సహజంగా ఇచ్చే జవాబే అది. నిజంగా నేర్చుకునేది అదుపు.

సీ-సా షాక్ కాదు, నిజమే. కానీ బెల్ట్ బిగించి, పక్కన ఒకరు నడుం పట్టుకుని, ముందు ట్రీట్ చూపిస్తూ పలక మీదుగా లాక్కెళ్లే కుక్క ఏ గుంపులో ఉందో ఆలోచించాలి. పలక ఎప్పుడు కదులుతుందో దానికి తెలియదు, చప్పుడు ఎప్పుడొస్తుందో తెలియదు, దిగిపోవడానికి లేదు. బయటికి అది బుద్ధిగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే వేళ్లు విప్పార్చి గోళ్లతో పలకను పట్టుకుని ఉంటుంది. నడుం కిందికి వంగి, చెవులు వెనక్కి అతుక్కుపోయి, మూతి నాక్కుంటూ ఉంటుంది. ఇష్టమైన ట్రీట్‌ను కూడా మింగకుండా వదిలేయడమో, చేతిని కొరికినంత పని చేసి గబుక్కున లాక్కోవడమో చేస్తుంది. ఇవన్నీ ఒత్తిడి గుర్తులే. అలాంటి కుక్కతో పది సార్లు చేయించడం అంటే పది సార్లు భయపెట్టడమే.

దీనికి విరుగుడుగా ట్రైనర్లు తయారుచేసుకున్న ఆటను బ్యాంగ్ గేమ్ అంటారు. సీ-సా ట్రైనింగ్‌లో ఇంతకు మించిన మెట్టు లేదని ఖాయంగా చెప్పొచ్చు.

పలక ఎత్తులో ఉన్న కొసను చేత్తో కిందికి దించి, నేలకు నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుంటారు. కింద మందపాటి దుప్పటి మడత. కుక్కను పిలవరు, చూపించరు. అది తనంతట తాను వచ్చి ముందు కాలు పలక కొస మీద వేసినప్పుడు కొస దిగి దుప్పటిని తాకుతుంది, మెత్తగా ఒక చిన్న చప్పుడు. ఆ చప్పుడు వెంటే ట్రీట్, అదీ పలక కొస మీదే, పాదాల మధ్య. మొదటిసారి చెవులు ఒక్కసారి ఆడతాయి, తల వంచి కాలి వైపు చూస్తుంది. మళ్లీ కొస లేస్తుంది. రెండోసారి కాలు కాస్త అనుమానంగా వేస్తుంది. కొన్ని సార్లయ్యాక ఒక మార్పు వస్తుంది, దాని కోసమే ఈ ఆటంతా. కాలు ఇక తాకడం మానేసి కొట్టడం మొదలుపెడుతుంది. చప్పుడు రాకపోతే మళ్లీ కొట్టి, మనిషి మొహంలోకి చూస్తుంది. చప్పుడు దానికి ఇప్పుడు ట్రీట్ తెప్పించే మీట. ఆ చూపు వచ్చాకే దుప్పటి మడత ఒకటి తీయాలి, లేదా కొస ఇంకో గుప్పెడు ఎత్తు పెంచాలి. రెండూ ఒకేసారి చేయకూడదు.

ఇందులో వరస చాలా ముఖ్యం. చప్పుడు ముందు, ట్రీట్ తర్వాత. కుక్కల మీద ప్రయోగాలు చేసిన రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ నుంచి తెలిసిన సంగతే ఇది. ముందు వచ్చేది తర్వాత వచ్చేదానికి సూచన అవుతుంది. చప్పుడు ముందొస్తే చప్పుడు మంచిదవుతుంది. ట్రీట్ చూపించి, ముక్కు ముందు పెట్టి, అది తింటుండగా పలక పడితే పని తిరగబడుతుంది. ట్రీట్ చెయ్యి దగ్గరికి వస్తే ఏదో పడబోతోందని కుక్క పసిగడుతుంది. పలక దగ్గర ఎంత ఇష్టమైన తిండి చూపించినా ముందుకు రాని కుక్కల్లో కొన్నిటి కథ ఇదే. యజమాని తిండి మార్చి చూస్తాడు, పరిమాణం పెంచి చూస్తాడు. మార్చాల్సింది వరస.

కొస ఎత్తు కుక్క మోచేతి దాకా, ఆ తర్వాత ఛాతీ దాకా పెరిగాక, రెండు ముందు కాళ్లూ వేసి మొత్తం బరువుతో దించడం వస్తుంది. తర్వాత నాలుగు కాళ్లతో కొస మీదికి ఎక్కి, దాంతోపాటు కిందికి రావడం. ఇదంతా ఇరుసు వైపు నుంచి నడవకుండానే, దిగే కొస దగ్గరే జరుగుతుంది. చివరి భాగం ముందు నేర్పడం అన్నమాట. అలా నేర్చిన కుక్క తర్వాత పూర్తి పలక మీద నడుస్తున్నప్పుడు తనకు బాగా తెలిసిన, బాగా ఇష్టమైన చోటి వైపు నడుస్తుంది. మొదటి నుంచి చివరికి నేర్పితే అది తెలిసిన చోటు నుంచి తెలియని చోటికి నడవాలి.

కదలిక, ఎత్తు

చప్పుడు ఒక సమస్య, కదలిక ఇంకో సమస్య. రెంటినీ విడివిడిగా పరిష్కరించుకుని తర్వాత కలపడం మంచిది. కదలిక కోసం ఒక చదరపు చెక్క కింద బంతి అమర్చిన వాబుల్ బోర్డు చాలు. అది ఏ వైపుకైనా ఒరుగుతుంది, నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు, దిగాలనుకుంటే ఎటైనా దిగిపోవచ్చు. కుక్కలు ముందు కాళ్ల సంగతి బాగానే చూసుకుంటాయి, వెనక కాళ్లు ఎక్కడున్నాయన్నది చాలావాటికి పట్టదు. ఒరిగే బోర్డు మీద నాలుగు కాళ్లనూ సర్దుకోవడం, బరువును వెనక్కి తెచ్చుకుని కాస్త కుంగి నిలబడటం వచ్చిన కుక్క, పలక వాలుతున్నప్పుడు కూడా అదే చేస్తుంది.

ఎత్తు కోసం రెండు టేబుళ్ల పద్ధతి ఉంది. ఇరుసుకు కాస్త తక్కువ ఎత్తున్న గట్టి టేబుల్ పలక రెండు కొసల కిందా ఒక్కొక్కటి పెడతారు. పలక ఇప్పుడు దాదాపు నేలకు సమాంతరంగా ఉంటుంది. కుక్క ఒక టేబుల్ మీంచి పలక మీదికి వచ్చి, ఇరుసు దాటుతుంది. అవతలి కొస ఒక బెత్తెడు దిగి టేబుల్ మీద ఆగుతుంది. అక్కడే ట్రీట్. బ్యాంగ్ గేమ్ ఆడిన కుక్కకు ఆ చిన్న చప్పుడు అప్పటికే తెలుసు. అది హుషారుగా కొసకు పరిగెడుతుంటే దిగే వైపు టేబుల్‌ను కొంచెం తక్కువ ఎత్తుదానితో మారుస్తారు, తర్వాత ఇంకొంచెం తక్కువది. చివరికి టేబుల్ ఉండదు, నేల ఉంటుంది. ఎక్కే వైపు టేబుల్ తీసేయడం ఆఖరి పని. నేల మీంచి ఏటవాలుగా ఎక్కడం డాగ్‌వాక్, ఏ-ఫ్రేమ్ నేర్చిన కుక్కలకు కొత్త కాదు.

ఈ పద్ధతికి ఇద్దరు మనుషులు, కదలకుండా నిలబడే టేబుళ్లు కావాలి. టేబుల్ ఒక్కసారి జరిగినా మొదటికే మోసం వస్తుంది. ఇన్ని ఏర్పాట్లు చేసుకోలేనివాళ్లు ఎత్తు మార్చగల సీ-సా వాడొచ్చు. అయితే అందులో ఒక లోపముంది. ఇరుసు ఎత్తు తగ్గిస్తే పలక ఒరిగే కోణమూ తగ్గుతుంది, కాబట్టి పూర్తి ఎత్తుకు పెంచినప్పుడు కొసన ఎదురుచూసే సమయం కుక్కకు కొత్తగా అనిపిస్తుంది. టేబుళ్లతో పోలిస్తే మెట్లు కాస్త ఎత్తుగా ఉంటాయి. ఓపిగ్గా, కొద్దికొద్దిగా పెంచితే ఇదీ సరిపోతుంది.

చాలామంది మంచి మనసుతోనే చేసే ఒక పని ఇక్కడ కీడు చేస్తుంది. కుక్క ఇరుసు దాటగానే హ్యాండ్లర్ (కుక్కను కోర్సులో నడిపించే మనిషి) పలక అంచు పట్టుకుని మెల్లగా దించుతాడు. ఒకటి రెండుసార్లయితే ఫర్వాలేదు. వారాల తరబడి సాగితే, మనిషి చెయ్యి పక్కనుంటే పలక మెల్లగా దిగుతుందని కుక్క నేర్చుకుంటుంది. ఆ చెయ్యి లేని రోజున అది తనకు తెలిసిన పలక కాదు. పైగా కుక్క ఆ చేతి కోసం ఇరుసు దగ్గర ఆగి వెనక్కి చూడటం మొదలుపెడుతుంది. పలక దిగే దూరాన్ని తగ్గించాలంటే టేబుల్ పెట్టాలి, దుప్పటి పెట్టాలి. అవి మనిషిలా కుక్క వెంట రావు, వాటి కోసం అది వెనక్కి తిరిగి చూడదు.

కొస మీద ఏం చేయాలి

పలక నేలను తాకాక కుక్క ఎలా ఉండాలన్నది ముందే నిర్ణయించుకోవాలి. రెండు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. ఒకదానిలో ముందు కాళ్లు నేల మీద, వెనక కాళ్లు పలక మీద పెట్టి ఆగుతుంది. ట్రైనర్లు దీన్ని టూ-ఆన్ టూ-ఆఫ్ అంటారు. ఇంకోదానిలో నాలుగు కాళ్లూ కొస మీదే ఉంచి, కుంగి ఆగుతుంది, వదిలే మాట వచ్చాకే దిగుతుంది. డాగ్‌వాక్, ఏ-ఫ్రేమ్‌ల మీద టూ-ఆన్ టూ-ఆఫ్ నేర్చిన కుక్కకు సీ-సా మీదా అదే నేర్పితే గందరగోళం ఉండదని కొందరి వాదన. అందులో నిజముంది. అయినా కొత్త కుక్కకు నాలుగు కాళ్ల పద్ధతే మేలు. ముందు కాళ్లు నేల మీద పెట్టాలని నేర్చిన కుక్క, పలక ఇంకా గాల్లో ఉండగానే నేల కోసం వెతుక్కుంటుంది, ఫ్లై-ఆఫ్‌కు అదే మొదటి అడుగు. బరువంతా ముందుకు తెచ్చుకుని దెబ్బను భుజాల మీద తీసుకుంటుంది కూడా. నాలుగు కాళ్లూ పలక మీదున్న కుక్క కుంగి, బరువు వెనక ఉంచి, పలకతో కలిసి దిగుతుంది. అదురు నాలుగు కాళ్లకూ పంచుకుపోతుంది.

వేగం గురించి ఒక మాట. ఇరుసు దగ్గరికి వచ్చేసరికి కుక్క మెల్లబడి, పలక వాలేదాకా అక్కడే పాకుతూ ఉంటే హ్యాండ్లర్‌కు ఆదుర్దా పుడుతుంది. గో, గో అని అరవడం, చప్పట్లు కొట్టడం మొదలవుతుంది. సరిగ్గా కుక్క తడబడుతున్న క్షణంలో మనిషి గొంతు పెరిగితే, ఇక్కడ నిజంగానే ఏదో ఉందన్నమాట అని అది ఖాయం చేసుకుంటుంది. మధ్యలో మెల్లబడటం సోమరితనం కాదు. కొస మీద ఏం జరుగుతుందో దానికి ఇంకా నమ్మకం కుదరలేదు, అందుకే వాలడమేదో ఇక్కడే వాలనీ అని ఆగుతోంది. తిరిగి రెండు టేబుళ్ల దగ్గరికి వెళ్లి, కొస దాకా పరిగెత్తితేనే ట్రీట్ అనే ఆటను ఇంకొన్నాళ్లు ఆడించాలి. కొసకు చేరడంలో లాభముందని తెలిసిన కుక్కను ఎవరూ తరమక్కర్లేదు.

హ్యాండ్లర్ ఎక్కడున్నా కుక్క పని మారకూడదు. పక్కన నడిచినప్పుడే బాగా చేసే కుక్క, పోటీలో హ్యాండ్లర్ ముందుకు పరిగెత్తగానే వెంటపడి పలక గాల్లో ఉండగానే దూకేస్తుంది. కాబట్టి నేర్చుకున్న తర్వాత, కొస మీద కుక్క ఆగి ఉండగా హ్యాండ్లర్ ముందుకు వెళ్లడం, పక్కకు జరగడం, వెనకే ఉండిపోవడం అన్నీ చేసి చూడాలి. ట్రీట్ మాత్రం ఎప్పుడూ కొస దగ్గరికే తిరిగి వచ్చి ఇవ్వాలి.

భయం తిరిగొస్తే

ఒకసారి పోయిన భయం మళ్లీ రావచ్చు. పావ్‌లోవ్ కూడా గమనించిన సంగతే ఇది. ఆరిపోయిందనుకున్న పాత స్పందన, కొంత విరామం తర్వాత దానంతటదే తలెత్తుతుంది. భయపడటం నేర్చుకున్న జ్ఞాపకాన్ని మెదడు చెరిపేయదు, దాని పక్కన ఇంకో కొత్త జ్ఞాపకాన్ని చేర్చుతుంది. ఆ కొత్త జ్ఞాపకం, నేర్చుకున్న చోటుకే అతుక్కుని ఉంటుంది. తన మైదానంలో సీ-సా బ్రహ్మాండంగా చేసి, కొత్త చోట బిక్కచచ్చిపోయే కుక్క మొండికేయడం లేదు. అక్కడికి దాని కొత్త పాఠం ఇంకా చేరలేదు, పాత భయం మాత్రం చేరింది.

పైగా ఏ రెండు సీ-సాలూ ఒకలా ఉండవు. చెక్క పలక చప్పుడు వేరు, అల్యూమినియం పలక చప్పుడు వేరు. గడ్డి మీద ఒకలా, ఇసుక మీద ఒకలా, ఇండోర్ హాల్లో రబ్బరు నేల మీద ఇంకోలా మోగుతుంది. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్క చెవికి దాదాపు 45,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుంది, కాబట్టి లోహపు పలక గణగణలో మనకు అందనిది కూడా దానికి అందుతుంది. ఇరుసు బిగుతు వల్ల ఒకటి తొందరగా వాలితే ఇంకోటి తాపీగా వాలుతుంది. బ్యాంగ్ గేమ్‌ను వీలైనన్ని చోట్ల, వీలైనన్ని పలకలతో ఆడించడం ఇందుకే. కొత్త క్లబ్బుకు వెళ్లినప్పుడు మొదట పూర్తి సీ-సా ఎక్కించకుండా, కొస దగ్గర రెండు మూడు బ్యాంగులు కొట్టనిస్తే చాలు, కుక్క ఆ పలకను తనదిగా చేసుకుంటుంది.

కుక్క పడిపోయినా, ఎగిరిపడినా, బెదిరి దూకేసినా వెంటనే మళ్లీ ఎక్కించాలనే మాట ఒకటి బాగా వ్యాపించింది, గుర్రం మీంచి పడినవాడు వెంటనే ఎక్కాలన్నట్టు. ఆ పడినవాడు ఎక్కాలో వద్దో తానే నిర్ణయించుకుంటాడు, కుక్కకు ఆ వీలు లేదు. భయం పూర్తిగా ఒళ్లంతా పట్టి ఉన్నప్పుడు మళ్లీ ఎక్కిస్తే అది నేర్చుకునేది తప్పించుకునే దారి లేదన్న సంగతి ఒక్కటే. ఆ రోజుకు సీ-సా ఆపి, తనకు బాగా వచ్చిన అడ్డంకులతో ముగించాలి. కొన్ని వారాలు పూర్తి సీ-సా మాటెత్తకుండా, వేరే చోట, వేరే పలకతో బ్యాంగ్ గేమ్ నుంచి మొదలుపెట్టాలి. దగ్గరికి రావాలా వద్దా అన్నది కుక్కకే వదిలేయాలి. పోటీలో కుక్క ముఖం చూసి అనుమానం వస్తే సీ-సాను వదిలేసి తర్వాతి అడ్డంకికి వెళ్లిపోవడం మంచిది. ఆ పరుగులో ఎలిమినేట్ అవుతారు, అంటే ఆ పరుగు లెక్కలోకి రాదు, అంతే. బలవంతంగా ఎక్కించి భయాన్ని ముదరబెట్టుకుంటే దాన్ని తిరిగి సరిచేయడానికి నెలలు పడుతుంది.

తిరస్కారం హఠాత్తుగా వస్తే ముందు ట్రైనింగ్ గురించి కాదు, ఒంటి గురించి ఆలోచించాలి. నడుం నొప్పి, తొడ కండరం బెణుకు, వేలి గాయం, పెరిగిపోయిన గోళ్లు, ఇవేవీ నేల మీద పరిగెడుతున్నప్పుడు బయటపడకపోవచ్చు. కొస నేలకు కొట్టుకున్నప్పుడు మాత్రం నొప్పి పెడతాయి, కుక్క ఆ నొప్పిని పలకకు ముడిపెట్టుకుంటుంది. పశువైద్యుడు చూసి ఏమీ లేదన్నాకే మళ్లీ పలక దగ్గరికి రావాలి. పలకనూ ఒకసారి చూడాలి. ఇరుసు వదులైందా, పైన జారకుండా వేసిన పూత అరిగిందా, తడిగా ఉందా అని.

వయసు సంగతి చాలామంది మర్చిపోతారు. ఎఫ్‌సీఐ పోటీలకు కుక్క వయసు కనీసం 18 నెలలు ఉండాలి. ఎముకల కొసల్లోని పెరుగుదల పొరలు మూసుకోవడానికి జాతిని బట్టి ఏడాది, కొన్ని పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా పడుతుంది. అందాకా పూర్తి ఎత్తు నుంచి దిగే సీ-సా వద్దు. అలాగని ఖాళీగా కూర్చోనక్కర్లేదు. నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో బ్యాంగ్ గేమ్, వాబుల్ బోర్డు, ఇంట్లో చిన్న చిన్న చప్పుళ్ల తర్వాత ట్రీట్, ఇవన్నీ పిల్లకుక్కకు ఆటలే. ఆ నెలల్లో ఇవి బాగా ఆడిన కుక్క పూర్తి పలక ఎక్కేనాటికి నేర్చుకోవడానికి మిగిలేది ఎత్తొక్కటే.

ఒక్కో సెషన్ నాలుగైదు నిమిషాలు మించకుండా, కుక్క ఇంకా కావాలంటుండగానే ఆపడం మంచిది. సీ-సా బాగా వచ్చేసిన కుక్కతో కూడా అప్పుడప్పుడూ కొస దగ్గర బ్యాంగ్ గేమ్ ఆడుతూ ఉండాలి, ఎందుకంటే పోటీల్లో చప్పుడు మిగులుతుంది గానీ వెంటనే ట్రీట్ ఉండదు. ఆ లోటు ప్రాక్టీస్‌లో పూడ్చాలి.

ఇంతా చేశాక కూడా పలక కదలడమే ఇష్టం లేని కుక్కలు కొన్ని ఉంటాయి. చప్పుళ్లకు పుట్టుకతోనే బెదిరేవి, ఒకప్పుడు గట్టిగా దెబ్బ తిన్నవి. ప్రతి వారం కాస్త ముందుకు వచ్చి, మళ్లీ వెనక్కి పోయి, నెలలు గడిచినా ఆ ఒత్తిడి గుర్తులు తగ్గకపోతే ఇక అడగకూడదు. ఎఫ్‌సీఐ పోటీల్లో జంపింగ్ అని వేరే విభాగం ఉంది. అందులో ఏ-ఫ్రేమ్, డాగ్‌వాక్, సీ-సా మూడూ ఉండవు, హర్డిల్స్, టన్నెల్స్, వీవ్ పోల్స్ ఉంటాయి. ఆ కుక్కను అందులో పరిగెత్తించొచ్చు.